ఆ తెల్లరాయి ఏమిటంటే

చిట్టితల్లీ,

నీకు దొరికిన తెల్లరాయి పాలరాయా, పలుగురాయా అని అడిగావు. రంగు చూసి పేరు పెట్టకు. పలుగు, పాలరాయి, జిప్సం, ఫెల్డ్‌స్పార్ అన్నీ తెల్లగా దొరుకుతాయి.

గీసి చూడు. ఎండావానలకు పైపొర మెత్తబడి ఉంటుంది కాబట్టి కొత్తగా పగిలిన ముఖం మీదే గీయాలి. రాయిని పగలగొట్టాల్సి వస్తే గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టు. ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ మోస్ 1812లో కట్టిన కాఠిన్యపు వరుసలో అన్నిటికన్నా మెత్తని ఖనిజం టాల్క్‌ది 1, అన్నిటికన్నా గట్టి వజ్రానిది 10. పెద్ద అంకె ఉన్నది చిన్న అంకె ఉన్నదాన్ని గీస్తుంది. మన గోరు సుమారు 2.5, మామూలు గాజు 5.5. గోటికి గీత పడితే జిప్సం (2) కావచ్చు. గోటికి లొంగకుండా ఇనుప మేకుకు సులువుగా గాడి పడితే కాల్సైట్ (3), అంటే పాలరాయిలో ఉండే ఖనిజం, అయ్యుండొచ్చు. రాయే గాజును గీస్తే ఫెల్డ్‌స్పార్ (6) లేదా పలుగు (7). గాజుముక్కను చేత్తో పట్టుకోకు, బల్ల మీద పెట్టి గీయి.

ఒక్కోసారి గట్టిరాయి మీద మేకే అరిగి బూడిదరంగు చార వదులుతుంది. తడివేలితో తుడువు. చెరిగిపోతే అది గీత కాదు, మేకు పొడి.

కాల్సైట్ అనిపిస్తే గీకిన పొడి మీద చుక్క వెనిగర్ వేసి భూతద్దంలో చూడు, బుడగలు లేస్తాయి. ముక్క మీద నేరుగా వేస్తే మరీ మెల్లగా జరుగుతుంది, ఏమీ లేదనుకుంటావు. పలుగు గవ్వలా వంపు తిరిగి పగులుతుంది. ఫెల్డ్‌స్పార్ నున్నటి పలకలుగా విడిపోతుంది, వెలుతురులో తిప్పితే ఆ పలకలు తళుక్కుమంటాయి.

ఇంతకీ కాల్సైట్ ఖనిజం, పాలరాయి శిల. ఖనిజానికి తనదైన రసాయన కూర్పు, పరమాణువుల అమరిక ఉంటాయి. శిల అంటే ఖనిజాల రేణువులు కలిసి గట్టిపడ్డ ముద్ద. సముద్రజీవుల గుల్లలు అడుగున పేరుకుని సున్నపురాయి అవుతుంది, అది అవక్షేప శిల. అదే లోతుకు దిగి వేడికీ ఒత్తిడికీ లోనైతే రేణువులు కొత్తగా పెరిగి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, గుల్లల ఆనవాళ్లు చెరిగిపోతాయి. అదే పాలరాయి, రూపాంతర శిల. ఇందులో రాయి కరగదు. కరిగితే అది శిలాద్రవం, చల్లారాక వచ్చేది అగ్నిశిల.

అగ్నిశిలలో రేణువు సైజే గడియారం. భూమి లోపల వేల ఏళ్లు మెల్లగా చల్లారిన గ్రానైట్‌లో పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కంటికి విడివిడిగా కనిపిస్తాయి. 1,100 డిగ్రీల సెల్సియస్ దాటిన లావా బయటికొచ్చి త్వరగా గడ్డకడితే బసాల్ట్, రేణువులు కంటికి ఆనవు. జిగట ఎక్కువున్న మరో రకం లావా వేగంగా చల్లారితే స్ఫటికాలే ఏర్పడవు, అబ్సిడియన్ అనే గాజు మిగులుతుంది. అందుకే దాన్ని ఖనిజం అనరు.

చారలున్న ప్రతి రాయినీ ఇసుకరాయి అనేయకు. రుద్దితే గింజలు రాలేది ఇసుకరాయి అయ్యే అవకాశం ఎక్కువ. గింజలు రాలకుండా, తెలుపూ నలుపూ పట్టీలుగా మెరిస్తే నైస్ అనే రూపాంతర శిల కావచ్చు.

నీ రాయి గాజును గీసిందో లేదో రాయి.

నాన్న