ఆకుకూర గుండిగలో ఉంటే చాలదు, పిల్లల కడుపులోకి వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో గడప తొక్కిన వారికి వేళ చూడకుండా వండిపెట్టిన తల్లి ఆమె. ఆ పేరు మీద నడుస్తున్న పథకం అంటే నాకు గౌరవం. గుడ్డు, చిక్కీ, 2023 మార్చిలో మొదలైన రాగిజావ, 2025 జూన్ నుంచి వచ్చిన సన్నబియ్యం, అన్నీ మంచి మార్పులే. అయితే ఒక లోటు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. వడ్డించినదాన్ని లెక్క రాస్తున్నాం, తిన్నదాన్ని ఎవరూ చూడడం లేదు.

కేంద్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు వండాలి. వందమంది చిన్నపిల్లలున్న బడిలో అయితే ఐదు కిలోల కూరగాయలు తరగాలన్నమాట. తరుగుతున్నారు కూడా. మా ఊరి బడిలో తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలిగా భోజన సమయంలో అక్కడ ఉంటుంటాను. పాలకూర కాడలు, సొరకాయ ముక్కలు, చివరికి టమాటా తొక్కలు కూడా పళ్లెం అంచుకు చేరతాయి. అన్నం, చారు, గుడ్డు లోపలికి వెళతాయి. కూరగాయలన్నీ చేతులు కడిగే చోట పెట్టిన బకెట్‌లో పడతాయి. వంటామె తప్పు లేదు, పిల్లల తప్పూ లేదు. ఏడేళ్ల పిల్లవాడికి నోటికి తగిలే ముక్క, పీచు, జిగురు నచ్చకపోవడం సహజం. మన ఇళ్లలోనూ అంతే కదా.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆనాటి ఆ పసివాళ్ల తరమే ఈనాడు మన ప్రాథమిక పాఠశాలల్లో కూర్చుని ఉంది. వారిలో కొందరికి రోజు మొత్తంలో కడుపునిండా దొరికే భోజనం ఇదొక్కటే.

మరి ఏం చేయాలి? మన వంటిళ్లలో ఉన్న పద్ధతినే బడికి తీసుకెళ్లాలి. ఆకు తినని పిల్లలకు ఆకును పొడి చేసి పెట్టడం మన అమ్మమ్మలకు బాగా తెలుసు. నీడన ఆరబెట్టిన మునగాకును ఎండుమిర్చి, ధనియాలు, మినప్పప్పుతో కలిపి దంచి, మొదటి ముద్దలో ఇంత నెయ్యి వేసి కలిపితే ఏ పిల్లా మారాం చేయదు. కరివేపాకును కూరలోంచి ఏరి పారేసే పిల్లలే కరివేపాకు పొడిని అడిగి మరీ వేయించుకుంటారు. పులిహోరలో నువ్వుల పొడి కలపడం ఎన్నో ఇళ్లలో ఉన్నదే. పొట్టు తీయని నువ్వుల్లో కాల్షియం పుష్కలంగా ఉంటుంది, పైగా పులిహోరకు కమ్మదనం వస్తుంది.

బడి వంటకు ఇవన్నీ సరిపోతాయి. పాలకూరనో తోటకూరనో ఉడికించి, మెత్తగా రుబ్బి కందిపప్పులో కలిపితే ఏరడానికి ముక్క ఉండదు, రుచి మాత్రం ఉంటుంది. గుమ్మడికాయను ఉడికించి మెదిపి సాంబారులో కలిపితే సాంబారు చిక్కబడుతుంది, కాస్త తీపి కూడా తగులుతుంది. పిల్లలకు ఆ రుచి ఇష్టం. క్యారెట్ తురిమి పొంగలిలో వేస్తే పెసరపప్పులో కలిసిపోతుంది. ఆకుకూర పప్పు మీద ఇంత నిమ్మరసం పిండితే ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రాగిజావ ఇష్టంగా తాగని పిల్లలున్న చోట అదే పిండిని దోసెలుగానో తీపి ఉండలుగానో చేసి ఇచ్చే వెసులుబాటు వంటవాళ్లకు ఉండాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. అంత విలువైన గింజను ఒకే రూపంలో పెట్టి, తాగకపోతే పారబోయడం నాకు బాధ కలిగిస్తుంది.

అడ్డంకి మనసు లేక కాదు, సామాను లేక. వందమందికి వండే చోట పప్పుగుత్తితో ఆకుకూర మెదపమంటే ఎవరివల్ల అవుతుంది? చాలా బడుల వంటగదుల్లో గ్రైండర్ లేదు. ఉన్నచోట కరెంటు పాయింటు లేదు. వంట సామగ్రి కొనడానికి విద్యార్థుల సంఖ్యను బట్టి బడికి 10,000 నుంచి 25,000 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు పథకంలో ఉంది. పాత్రల జాబితాలో తడి గ్రైండర్‌ను, పొడులకు ఒక మిక్సీని తప్పనిసరిగా చేర్చాలని విద్యాశాఖను కోరుతున్నాను. అదనపు పని చెప్పేటప్పుడు దాన్ని చేసే చేతులకు కూలి కూడా పెంచాలి. వంట కార్మికులకు 2019లో నెలకు 3,000 రూపాయలు చేసిన గౌరవ వేతనం మీద ఇంకో గంట పని మోపడం న్యాయం కాదు.

ఖర్చు గురించి ఒక మాట. 2025 మే నుంచి పప్పు, కూరగాయలు, నూనె, దినుసులు, వంటచెరకు అన్నింటికీ కలిపి కేంద్ర నిబంధన ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 6.78 రూపాయలు, ఆపై ఎనిమిదో తరగతి వరకు 10.17 రూపాయలు. కూరగాయల ధర పెరిగిన నెలలో ఈ డబ్బు ఎటూ చాలదు. కానీ బడి ప్రహరీ పక్కన రెండు మునగచెట్లు, ఒక కరివేపాకు చెట్టు నాటడానికి డబ్బు కన్నా శ్రద్ధ కావాలి. ఆ చెట్లు ఏళ్లతరబడి ఆకు ఇస్తాయి.

ఇక్కడ కొందరు ఉపాధ్యాయులు ఒక అభ్యంతరం చెబుతారు: ఇలా రుబ్బి కలిపి పెడితే పిల్లలు ఆకుకూరను ఆకుకూరగా తినడం ఎప్పుడు నేర్చుకుంటారని. అభ్యంతరంలో నిజం ఉంది. నచ్చని కూరను కొద్దికొద్దిగా చాలాసార్లు రుచి చూపిస్తేనే పిల్లలకు అలవాటవుతుంది. అందుకని రుబ్బినదాని పక్కన ఒక చెంచా ముక్కల కూర కూడా వడ్డించాలి, బలవంతం చేయకుండా. కలిపిన సంగతి మాత్రం దాచకూడదు. ‘ఈరోజు పప్పులో తోటకూర ఉంది’ అని బోర్డు మీద రాయాలి. వేరుశనగ, నువ్వులు పడని పిల్లలు ఉంటారు, వారి తల్లులకు తెలియాలి. చెప్పకుండా కలిపితే ఏమవుతుందో పోషకాలు చేర్చిన బియ్యం విషయంలో చూశాం. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక ఆ బియ్యం బడులకూ రేషన్ దుకాణాలకూ వచ్చింది. నూరు కిలోల బియ్యంలో ఒక కిలో చొప్పున కలిపే ఆ గింజలు బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చి తయారుచేసినవి. ఆ సంగతి తల్లులకు ముందే నెమ్మదిగా వివరించి ఉంటే బాగుండేది. నీళ్లలో తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఎన్నో ఇళ్లలో వాటిని ఏరి పారేశారు.

ప్రభుత్వానికి నాది ఒక చిన్న అభ్యర్థన. వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూసి రిజిస్టరులో రాయాలన్న నియమం ఇప్పటికే ఉంది. అదే పుటలో ఇంకో గడి గీయించండి: భోజనం అయ్యాక పళ్లేల్లో మిగిలినది ఏమిటి, సుమారుగా ఎంత. నెలాఖరున ఆ గడులను మండల స్థాయిలో చదివి, ఏ వంట మారాలో స్థానిక వంటవాళ్లతో, తల్లులతో కూర్చుని తేల్చండి. వచ్చే విద్యా సంవత్సరం మెనూ ఖరారు చేసేలోగా ఈ పని మొదలుకావాలి.

— ఒక తల్లి, పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు, ఏలూరు జిల్లా