‘సంపూర్ణ నవల’ అని అట్ట మీద వేసి కోసిన కథ అమ్మడంపై ఫిర్యాదు

ప్రచురణ విభాగం మేనేజరు గారికి,

నమస్కారం.

విషయం: ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం, మీ కొత్త ముద్రణ.

మీరు వేసిన ఈ పుస్తకాన్ని గత నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అట్ట మీద ‘సంపూర్ణ నవల’ అని ఉంది. లోపల చాలా భాగం లేదు. తీసేసిన సంగతి ముందుమాటలో గానీ, హక్కుల వివరాలున్న పుటలో గానీ ఎక్కడా చెప్పలేదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ నవలను హైస్కూల్లో ఉండగా మా నరసాపురం గ్రంథాలయంలో చదివాను. మొగల్తూరు మాకు దగ్గరి ఊరే. బారిస్టరు చదువు కోసం ఇంగ్లండుకు బయలుదేరిన అక్కడి అబ్బాయి, కథానాయకుడు పార్వతీశం, చెన్నపట్నంలో దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కున్న చోట స్నేహితురాళ్లమంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఇప్పుడు మా అబ్బాయి చదువు కోసం పరాయి దేశంలో ఉన్నాడు. మా అన్నయ్య దగ్గరున్న పాత ప్రతి తీసి చదివితే అదే టోపీ దగ్గర నాకు నవ్వుతో పాటు దిగులూ కలిగింది. తెలియదని చెప్పుకోలేక, తెలిసినట్టే నడుచుకునే కుర్రవాడి బెరుకు చిన్నప్పుడు నా కంటపడలేదు. ఆ ప్రతి పుటలు పొడిపొడిగా రాలిపోతున్నాయి కనుకే, మా వాడికి పంపుదామని మీ పుస్తకం కొన్నాను.

పంపే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మీ ప్రతిలో పార్వతీశం ఒక వాక్యంలో పడవ ఎక్కుతాడు, తరువాతి వాక్యంలో నిడదవోలు స్టేషనులో ఉంటాడు. మధ్యలో కాలువ ప్రయాణం లేదు! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు చేలకు నీళ్లివ్వడమే కాదు, రోడ్లు సరిగా లేని కాలంలో మనుషులనూ ధాన్యాన్నీ మోశాయి. లాకుల దగ్గర నీటిమట్టం సమానమయ్యేదాకా పడవలో కూర్చుని ఎదురుచూడటం మా తాతగారి తరానికి మామూలు ప్రయాణం. అంత నిదానంగా బయలుదేరినవాడు కనుకే రైలూ ఓడా చూసి పార్వతీశం అంత తబ్బిబ్బవుతాడు. పడవను తీసేస్తే ఆ తబ్బిబ్బు ఉత్త తెలివితక్కువతనంగా మిగులుతుంది. హాస్య ఘట్టాలను మాత్రం ముట్టుకోలేదు మీరు. అందుకే మీ పుస్తకంలో అతను ఒట్టి వెర్రివాడిలా కనిపిస్తున్నాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

ఫోను చేస్తే మీ ఉద్యోగి ‘ఈ కాలం పిల్లల కోసం కుదించాం’ అన్నారు. కుదించండి, పిల్లల చేతికి వెళ్తే సంతోషమే. అయితే అట్ట మీద ‘సంక్షిప్త ప్రతి’ అని వేయాలి. రచయిత 1973లో కన్నుమూశారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లు, అంటే 2033 చివరిదాకా హక్కులుంటాయి. రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు అదే చట్టంలోని 57వ సెక్షన్ ఇస్తోంది. ఈ కోతకు వారసులు ఒప్పుకున్నారా? ఒప్పుకుంటే ఆ మాట పుస్తకంలో అచ్చు వేయండి.

పుస్తకం ధర, తపాలా ఖర్చు నాకు తిరిగి ఇవ్వండి. అమ్ముడుపోని ప్రతుల మీద ‘సంక్షిప్తం’ అని చీటీ అంటించండి. వచ్చే ముద్రణలో పూర్తి పాఠం వేయండి. అట్ట ఫొటోను, రెండు ప్రతుల్లోని పడవ ఘట్టం పుటల ఫొటోలను జతచేశాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నరసాపురం