సీలు కొత్తది, సరుకు పాతది

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. సంక్రాంతికి మా నాన్నగారు, మా అత్తగారు చేతిలో పెట్టిన డబ్బు ఖర్చు పెట్టకుండా దాచుకుని, పరీక్షలయ్యాక, టీవీకి తగిలించి ఆడుకునే పీఎస్5 కన్సోల్‌లో పెట్టే ఫుట్‌బాల్ గేమ్ డిస్క్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. ధర 3,999 రూపాయలు. అమ్మకం పేజీలో ‘బ్రాండ్ న్యూ, సీల్డ్’ అని రాసి ఉంది. పార్సిల్ వచ్చిన సాయంత్రం పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, “అమ్మా, ఇది కొత్తది కాదు” అన్నాడు. సీలు అలాగే ఉంది కదరా అన్నాను. వాడు నా చేతికిచ్చి, వెనక పక్క కింది మూల చూడమన్నాడు. పైన ప్లాస్టిక్ కవరు నున్నగా, మెరుస్తూ ఉంది. దాని కింద, పెట్టె మీద, పాత స్టిక్కర్ పీకేసిన జిగురు మరక. ఆ జిగురులో ఒక వెంట్రుక. కవరు లోపల ఉన్న వెంట్రుక!

కంపెనీ సీలుకు, షాపులో వేసిన సీలుకు తేడా ఆ రోజే తెలిసింది నాకు. కంపెనీలో మెషిన్ వేసిన కవరు రెండు కొసల దగ్గరా బిస్కెట్ ప్యాకెట్‌లా మడతపడి అతుక్కుని ఉంటుంది. షాపులో మళ్లీ వేసిన దానికి ఆ మడత ఉండదు. మామూలు ష్రింక్ కవరులో పెట్టెను దూర్చి, అంచు కాల్చి అతికించి, వేడి గాలి కొడతారు. అంచుల వెంట కరిగిన గీత కనబడుతుంది, గాలి పోవడానికి సన్నటి చిల్లులు కూడా ఉంటాయి. స్వీట్ షాపుల్లో, సీడీ కొట్లలో వాడే కవరే ఇది. ఏ ప్యాకింగ్ సామాన్ల కొట్లో అడిగినా ఇస్తారు.

కవరు చింపి చూశాం. డిస్క్ మీద వేలిముద్రలు. ఆటతో పాటు రావలసిన బోనస్ కోడ్ కాగితం ఉంది గానీ, కోడ్ కొడితే ఎవరో ఇప్పటికే వాడేశారని తెరమీద వచ్చింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. “డిస్క్ ప్లే అవుతోందా మేడమ్?” అని అడిగింది. అవుతోంది అన్నాను. “అయితే డిఫెక్ట్ లేదు కదా మేడమ్. సీల్ ఓపెన్ చేసిన గేమ్స్ రిటర్న్ తీసుకోం” అంది. సీలు తీస్తే గానీ లోపలిది పాతదని రుజువు కాదు, తీస్తే వెనక్కి పంపే హక్కు పోతుంది. ఈ నిబంధన ఎవరు రాశారో గానీ, మోసం చేసేవాడికి ఇంతకంటే మంచి కాపలా దొరకదు. నాలుగు సార్లు ఫోన్లు చేసి, జిగురు మరక ఫొటోలు, కోడ్ స్క్రీన్‌షాట్ పంపాక డబ్బు తిరిగి ఇచ్చారు.

డబ్బు వచ్చింది కదా, ఇంకా ఈ లేఖ ఎందుకని మీరు అడగవచ్చు. ఆ డిస్క్ సంగతి అడగడానికే రాస్తున్నాను. అది మా ఇంటి నుంచి వెనక్కి ఆ అమ్మకందారు దగ్గరికే వెళ్లింది. ఇంకో రెండు రూపాయల కవరు వేస్తే మళ్లీ ‘బ్రాండ్ న్యూ’. మూడు వారాల తర్వాత చూశాను, అదే అమ్మకందారు, అదే గేమ్, అదే మాట. ఎవరు కనిపెడితే వాళ్లకు డబ్బు తిరిగిస్తారు, కనిపెట్టని పది మందికి అంటగడతారు. కొడుకు గేమ్ అడిగాడని కొనిచ్చే నాలాంటి తల్లికి కవరు మడతల గురించి ఏం తెలుస్తుంది?

వాడిన వస్తువు మీద నాకు చిన్నచూపు లేదు. కోఠిలో పాత పుస్తకాలు కొనుక్కుని చదువుకున్నదాన్ని. పాత గేమ్ డిస్కులు ‘సెకండ్ హ్యాండ్’ అని చెప్పి, తగ్గించిన ధరకు నిజాయతీగా అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర మా వాడూ కొంటాడు. పాతదానికి కొత్తదాని ధర గుంజేవాడి వల్ల ముందు నష్టపోయేది వాళ్లే. కొని, వారం ఆడి, మళ్లీ సీలు వేసి రిటర్న్ పెట్టే కొనుగోలుదారులూ ఉన్నారని నాకు తెలుసు. అది కూడా దొంగతనమే. అలా వచ్చిన సరుకును తెరిచి చూడకుండా కొత్తవాటి వరసలో పెట్టే గోదాముది కూడా తప్పే.

ప్లే అవుతోంది కదా అనే మాట దగ్గర కాస్త ఆగాలి. వేరే దేశాల కోసం తయారైన డిస్కులు ఇలాగే కొత్త కవరులో వస్తుంటాయి. ఆ ఆటకు తర్వాత కొనే అదనపు భాగాలు మన దేశపు అకౌంట్‌లో పనిచేయకపోవచ్చు. నింటెండో స్విచ్ అనే మరో కన్సోల్‌లో డిస్క్ బదులు పెట్టే చిన్న కార్ట్రిడ్జ్‌లతో ఇంకా పెద్ద చిక్కు. ఒక్కోదానికి ఒక్కో గుర్తింపు ఉంటుంది. మొదట కొన్నవాడు కాపీ తీసుకుని అసలుది అమ్మేస్తే, ఒకే గుర్తింపు రెండు చోట్ల కనబడుతుంది. 2025లో స్విచ్ 2 వచ్చిన కొత్తలో, ఏ పాపం తెలియకుండా వాడిన కార్ట్రిడ్జ్ కొన్న ఒకాయన కన్సోల్‌ను ఆన్‌లైన్ సేవల నుంచి నిలిపేశారు. కొన్న రుజువులు చూపించుకున్నాకే మళ్లీ తెరిచారు. పాతదని తెలిసి కొన్నవాడికే ఇంత తంటా అయితే, కొత్తదనుకుని కొన్న పిల్లవాడు ఎవరికి ఏమని చెప్పుకుంటాడు?

చట్టంలో లోటు లేదు. వాడిన, బాగుచేసిన, పాత వస్తువులను కొత్తవని చెప్పి అమ్మడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ సూటిగానే చెబుతోంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉన్న ఊరి నుంచే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కానీ నాలుగు వేల రూపాయల డిస్క్ కోసం సెలవు పెట్టుకుని కమిషన్ మెట్లు ఎక్కేవాళ్లు ఎంతమంది? ఆ లెక్క అమ్మేవాళ్లకు మనకంటే బాగా తెలుసు.

అందుకే ఒక్కొక్కరం పోరాడేదాని కంటే అధికారులు కదలడం అవసరం. 2025 మార్చిలో, వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ బీఐఎస్ వాళ్లు ఆన్‌లైన్ కంపెనీల గోదాముల్లో సోదాలు చేసి, ప్రమాణాల గుర్తు లేని గీజర్లు, మిక్సీలు పట్టుకున్నారు. గీజర్లకు చేసిన పని గేమ్ పెట్టెలకు ఎందుకు చేయకూడదు? విదేశాల నుంచి వచ్చిన ప్యాక్ చేసిన సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు ఉండి తీరాలి. మాకు వచ్చిన పెట్టె మీద పీకేసిన స్టిక్కర్ అదేనేమోనని నా అనుమానం. ఇది చూడవలసింది మన రాష్ట్రంలోని తూనికలు, కొలతల శాఖ. ఆన్‌లైన్ వేదికలు కూడా ఒక్క పని చేస్తే చాలు. రిటర్న్ వచ్చిన ప్రతి గేమ్ మీద ఆ మాట నమోదు చేసి, మళ్లీ అమ్మితే ‘వాడినది’ అనే వరసలోనే అమ్మనివ్వాలి. ఒకే అమ్మకందారు మీద రీసీల్ ఫిర్యాదులు రెండోసారి, మూడోసారి వస్తే ఆ పేరును తీసేయడమే కాదు, ఆ జీఎస్టీ నంబరుతో కొత్త పేరు పెట్టుకుని రాకుండా చూడాలి.

ఆ జిగురు మరక, వాడేసిన కోడ్ ఫొటోలు, బిల్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ అధికారి అడిగినా ఆ రోజే పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ