రామ్ స్టిక్‌ల బంగారం వాటా: మీకు నేను బాకీ ఉన్న లెక్క

కోఠి గుజరాతీ గల్లీలో మా రిపేరు షాపుకు వచ్చే అన్నలకు, అక్కలకు నమస్తే. ఫిబ్రవరిలో కౌంటర్ మీద ఒక కాగితం అంటించాను, గుర్తుండే ఉంటుంది. "పాత రామ్ స్టిక్‌లు ఇవ్వండి, వాటి మీది బంగారం తీసి అమ్మి, వచ్చిన డబ్బులో సగం మీకే ఇస్తాను" అని రాశాను. రామ్ స్టిక్ అంటే కంప్యూటర్‌లో మెమరీగా పనిచేసే సన్నటి సర్క్యూట్ బోర్డు. 23 మంది నమ్మి 410 స్టిక్‌లు ఇచ్చారు. నా దగ్గర పడి ఉన్న 230 కలిపితే మొత్తం 640. అప్పటి నుంచి "ఏమైందన్నా మా బంగారం?" అని అడిగిన ప్రతివాళ్లకూ "వచ్చే వారం" అంటూ నెట్టుకొచ్చాను. ఇంక నెట్టను.

640 స్టిక్‌ల నుంచి చేతికి వచ్చింది 2 గ్రాముల 600 మిల్లీగ్రాముల ముద్ద. టంచ్ (స్వచ్ఛత పరీక్ష) చేయిస్తే అందులో అసలు బంగారం 2.3 గ్రాములు. జూలైలో అమ్మితే 21,400 రూపాయలు వచ్చాయి. స్టిక్‌కు 33 రూపాయలు. మాట ప్రకారం అందులో సగం, అంటే ఒక్కోదానికి 16 రూపాయల చిల్లర మీకు రావాలి. అంత ఇచ్చి చేతులు దులుపుకోను, ఎంత ఇస్తున్నానో కింద చెప్తాను. ముందు ఇంత తక్కువ ఎందుకొచ్చిందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది మనసులో "వీడు నొక్కేశాడు" అనే అనుమానం ఉంది. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

రామ్ అంచున పసుపుపచ్చగా మెరిసే గీతలనే మేం ఫింగర్లు అంటాం. బంగారం తుప్పు పట్టదు, నల్లబడదు, అందుకే స్లాట్‌లో తగిలే చోట పూత వేస్తారు. మంచి కంపెనీల పూత 30 మైక్రో అంగుళాలు, అంటే ముక్కాలు మైక్రాన్ మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ మందంలో చదరపు సెంటీమీటరు పూత గీకితే ఒకటిన్నర మిల్లీగ్రాము వస్తుంది. డీడీఆర్ 3 అనే పాత రకం స్టిక్‌కు రెండు వైపులా కలిపి 240 గీతలు, అన్నీ పక్కపక్కన పరిస్తే ఐదు చదరపు సెంటీమీటర్లు కూడా ఉండవు. కాగితం మీద లెక్క వేస్తే స్టిక్‌కు 7 మిల్లీగ్రాములు. నేను ఫిబ్రవరిలో ఈ లెక్కే వేసుకుని, 640కి నాలుగున్నర గ్రాములు అని కలగన్నాను.

ఆ లెక్కలో రెండు చిల్లులు. చవక స్టిక్‌ల మీద పూత అంత మందం ఉండదు. చూపుకు రెండూ ఒకేలా మెరుస్తాయి, యాసిడ్‌లో పడ్డాకే తేడా తెలుస్తుంది. రెండో చిల్లు నా చేతులారా చేసుకున్నది. ఫింగర్లు కత్తిరించేటప్పుడు తొందరలో పైన టంకం ఉన్న భాగం కూడా కొంత వచ్చేసింది. టంకంలో తగరం ఉంటుంది. నైట్రిక్ యాసిడ్ తగిలితే తగరం కరగదు, తెల్లటి గంజిలా అవుతుంది. ఆ గంజి ఫిల్టర్ పేపర్‌లో అతుక్కుని నీళ్లను దిగనివ్వదు, బంగారాన్నీ తనలో పట్టుకుని కూర్చుంటుంది. మూడు రోజులు ఆ గంజితో కుస్తీ పట్టి, చివరికి విసుగొచ్చి కొంత పక్కన పెట్టేశాను. అందులో ఎంత పోయిందో నేను చెప్పలేను.

మిగతా పని బాగానే జరిగింది, కాదనను. పూత కింద ఉండే రాగిని కరిగిస్తే బంగారు పూత సన్నటి రేకుల్లా పైకి తేలుతుంది, చేప పొలుసుల్లా. వాటిని ద్రవరాజంలో, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు కలిపిన ద్రవంలో కరిగించి, మళ్లీ పొడిగా దించాలి. అలా దిగేది పచ్చగా ఉంటుందనుకుంటారు. కాదు, గోధుమ రంగు బురద. మా ఆవిడ చూసి "ఈ బురద కోసమా డాబా మీదికి మమ్మల్ని రానియ్యకుండ చేసినవ్?" అంది. ఆ పొడిని మా బస్తీలో అవుసల తాత దగ్గరికి తీసుకెళ్తే ఆయన మూసలో వేసి, వెలిగారం చల్లి, మంట పెట్టాడు. బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి. బురద కాస్తా ఒక్కసారి గుండ్రంగా ముడుచుకుని మెరిసింది. గురిగింజంత. ఐదు నెలల పని, 640 స్టిక్‌లు, చూపుకు ఒక్క గురిగింజ. తాత గీటురాయి మీద గీసి చూసి, "మా చిన్నప్పుడు బట్టీల బూడిద కడిగి ఏరేటోళ్లు ఇంతకంటే ఎక్కువ తీసేటోళ్లు బిడ్డా" అన్నాడు. ఆయన మాటలో వెటకారం ఏమీ లేదు, లెక్కే ఉంది.

ఇప్పుడు ఖర్చు. యాసిడ్లు, మందులు 4,200. గాజు బీకర్లు, ఫిల్టర్లు 3,700. మాస్కు, గ్లౌజులు, పొగ లాగే ఫ్యాను, పైపు 5,100. గ్యాసు, మూసలు, తాతకు ఇచ్చింది కలిపి 2,900. మిగిలిన యాసిడ్ నీళ్లను వదిలించుకోవడానికి 2,800. ఆసుపత్రి 9,700. మొత్తం 28,400. వచ్చింది 21,400. నా కూలి వేసుకోలేదు, డాబా అద్దె వేసుకోలేదు, అయినా 7 వేలు నష్టం.

ఆసుపత్రి సంగతి దాచి లాభం లేదు. మే నెలలో ఆఖరి లాటు మిగిలింది. అప్పటిదాకా రాగిని నెమ్మదిగా కరిగించే పద్ధతిలో చేశాను, దానికి రోజులు పడుతుంది. ఆ రోజు తొందరపడి ఫింగర్ల మీద నేరుగా నైట్రిక్ పోశాను, అదీ ఒకేసారి. నైట్రిక్‌కు రాగి దొరికితే ఊరుకోదు. బీకర్ పొంగింది, ఇటుక రంగు పొగ డాబా మొత్తం కమ్మేసింది. ఆ పొగే నైట్రోజన్ డయాక్సైడ్. నాకు మాస్కు ఉంది, సాయానికి వచ్చిన మా బామ్మర్దికి లేదు. అప్పుడు రెండు సార్లు దగ్గాడు, నీళ్లు తాగాడు, "ఏం గాలేదు బావా" అని అన్నం తిని పడుకున్నాడు. ఈ పొగతో ఉన్న దొంగదెబ్బ అదే. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించదు, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రాత్రి ఒంటిగంటకు ఊపిరాడక లేచి కూర్చున్నాడు. రెండు రోజులు ఆక్సిజన్ మీద పెట్టారు. ఇప్పుడు బాగున్నాడు, షాపులో మీకు కనిపిస్తూనే ఉన్నాడు. కానీ ఆ రాత్రి రామంతాపూర్ నుంచి ఆటోలో వెళ్తూ నేను మా అత్తమ్మకు ఏం చెప్పాలా అనే ఆలోచించాను, బంగారం గుర్తు రాలేదు.

పక్కింటి పెద్దమ్మ ఎండబెట్టుకున్న వడియాలన్నీ పారబోయించి, కొత్తగా పిండి, మిరపకాయలు కొనిచ్చాను. ఆమె ఇప్పటికీ మాట్లాడటం లేదు. మా తులసి చెట్టు మాడిపోయింది. డాబా మీది ఇనుప రెయిలింగ్, నీళ్ల మోటారు కవరు, మా ఆవిడ కుట్టు మిషన్ కూడా వారంలో తుప్పు పట్టాయి. హైడ్రోక్లోరిక్ ఆవిరి ఇంట్లో ఎక్కడికైనా దూరుతుందని అప్పుడే తెలిసింది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మిగిలిన నీళ్లు. రాగి కరిగిన ఆకుపచ్చ నీళ్లు, 35 లీటర్లు, నీలం క్యాన్లలో. వీడియోలు చేసేవాళ్లెవరూ ఈ క్యాన్ల దాకా రారు, మెరిసే ముద్ద చూపించి ఆపేస్తారు. "రాత్రి పూట నాలాలో పోసెయ్ భాయ్" అని సలహా ఇచ్చినవాళ్లు ముగ్గురున్నారు. మా బస్తీ నాలా పోయేది మూసీకి. పాత ఇనుప ముక్కలు వేస్తే రాగి చాలావరకు దిగుతుంది, సున్నం వేస్తే ఆమ్లం తగ్గుతుంది, అయినా నికెల్, సీసం లాంటివి బురదలో మిగులుతాయి. ఆ బురదను ఎక్కడ పెట్టాలి? చివరికి ప్రభుత్వం దగ్గర నమోదైన ఒక రీసైక్లర్ లీటరుకు 80 రూపాయల లెక్కన తీసుకున్నాడు. 2,800 అయింది అక్కడే. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: అసలు నేను చేసిన పనే చేయకూడదట. ఇ-వేస్ట్ కొత్త నియమాలు 2022లో వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు లేకుండా రీసైక్లింగ్ వ్యాపారం నడపకూడదు. కాగితం అంటించేటప్పుడు ఇది నాకు తెలియదు. తెలుసుకోకుండా అంటించడం నాదే తప్పు.

ఇక మీలో కొందరికి కోపం తెప్పించే సంగతి. ఆ 640 స్టిక్‌లను నేను టెస్ట్ చేయకుండా కత్తిరించాను. రిపేరు షాపు పెట్టుకున్నవాడు చేయాల్సిన పని కాదిది. నాలుగు జీబీ డీడీఆర్ 3 స్టిక్ పని చేస్తే మా గల్లీలోనే సెకండ్ హ్యాండ్‌లో రెండు మూడు వందలకు ఎవరో ఒకరు తీసుకుంటారు. స్కూళ్లలో, ట్యూషన్ సెంటర్లలో పాత కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయి. అలాంటిదాన్ని కత్తిరించి 33 రూపాయల బంగారం తీశాను. ఎన్ని పని చేసేవో ఇప్పుడు చెప్పలేను, కానీ ఒక్కటీ చేయదనుకోవడం ఆత్మవంచన. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే ఒక సార్ 30 స్టిక్‌లు ఇస్తూ "ఇవి మంచివే, మేం సిస్టమ్‌లు మార్చాం అంతే" అన్నారు. విన్నాను, తల ఊపాను, కత్తిరించాను. సార్, మీకు విడిగా ఫోన్ చేస్తాను.

తర్వాత తెలిసింది ఇంకొకటి ఉంది. నేను కత్తిరించకుండా మొత్తం స్టిక్‌లను స్క్రాప్ టోకు వ్యాపారికి ఇచ్చి ఉంటే కిలోకు 2,200 ఇచ్చేవాడు. కిలోకు 55 స్టిక్‌లు తూగుతాయి, అంటే ఒక్కోటి 40. నేను ప్రాణాల మీదికి తెచ్చుకుని తీసిన బంగారం కంటే అతను స్టిక్‌కు ఇచ్చే ధరే ఎక్కువ! అతనికేం పిచ్చి కాదు. అతని దగ్గర కొనే పెద్ద రిఫైనరీలు ఫింగర్లతో ఆగవు. పాత చిప్‌ల లోపల వెంట్రుక కంటే సన్నటి బంగారు తీగలుంటాయి, టంకంలో వెండి, బోర్డులో రాగి, పాత కెపాసిటర్లలో పల్లాడియం అనే ఖరీదైన లోహం. అన్నీ టన్నుల్లో, ఒకే చోట, పొగ బయటికి పోకుండా తీస్తారు. మన చర్లపల్లిలోనే సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ ల్యాబ్ ఉంది, సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద అక్కడ శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. వాళ్లు చేసే పనిని నేను ప్లాస్టిక్ బకెట్‌తో చేయబోయాను.

టోక్యో ఒలింపిక్స్ మెడల్స్ పాత ఫోన్ల నుంచి చేశారని చాలామంది నాకు చెప్పారు, నిజమే. జపాన్ 2017 నుంచి 2019 వరకు రెండేళ్లు దేశమంతా తిరిగి దాదాపు 79 వేల టన్నుల పాత సామాను, అందులో 62 లక్షల ఫోన్లు పోగేసింది. వచ్చిన బంగారం 32 కిలోలు. ఆ వార్త చదివి ఉత్సాహపడ్డాను తప్ప పక్కనున్న టన్నుల అంకె చూడలేదు.

మీ డబ్బు సంగతికి వస్తాను. స్టిక్‌కు 16 రూపాయలు కాదు, ఆ స్క్రాప్ ధరే, 40 రూపాయలు ఇస్తున్నాను. 410 స్టిక్‌లకు 16,400. మీరు ఇంకెక్కడ అమ్మినా వచ్చేది అది, నా ప్రయోగం ఖర్చు మీ నెత్తిన వేయడం న్యాయం కాదు. మంచి స్టిక్‌లని నాకు చెప్పి ఇచ్చినవాళ్లు నలుగురున్నారు, వాళ్లకు సెకండ్ హ్యాండ్ ధర కట్టిస్తాను, కాకపోతే రెండు వాయిదాల్లో.

ఇంట్లో బంగారం తీయడం ఆపేశాను, యాసిడ్ సీసాలు మిగిలినవి కూడా ఆ రీసైక్లర్‌కే ఇచ్చేశాను. ఇక నుంచి రామ్ తెస్తే మీ ఎదురుగానే టెస్ట్ చేస్తాను. పని చేస్తే కొంటాను లేదా మీకే తిరిగి ఇస్తాను. చచ్చినవి తూకం వేసి, ఆ వారం ధర బోర్డు మీద రాసి, అక్కడికక్కడే డబ్బు ఇస్తాను. మదర్‌బోర్డులకు రామ్ ధర అడగొద్దు, వాటి మీది పూత ఫింగర్ల పూత కంటే చాలా పలచన, పెద్దగా మెరుస్తుంది అంతే. ఇవన్నీ నెలకోసారి నమోదైన రీసైక్లర్‌కు పోతాయి, రసీదు అడిగితే చూపిస్తాను. రిపేర్లు ఎప్పటిలాగే.

ఇప్పటికి 14 మంది వచ్చి డబ్బు తీసుకున్నారు. మిగతా 9 మంది ఆదివారం తప్ప ఏ రోజైనా పదకొండు తర్వాత రండి, ఫిబ్రవరిలో ఇచ్చిన పసుపు చీటీ తెచ్చుకోండి. చీటీ పోయినా పర్వాలేదు, ఎవరు ఎన్ని ఇచ్చారో నా నోట్‌బుక్‌లో ఉంది. నేను లేకపోతే బామ్మర్దిని అడగండి, కవర్లు పేర్లు రాసి డ్రాయర్‌లో పెట్టాను.