స్థలం కొనేముందు: ఎన్‌స్కెడే నుంచి నాన్నకు

ఎన్‌స్కెడే, నెదర్లాండ్స్

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీరు, అమ్మ, నాన్నమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

బెజవాడలో సింగ్‌నగర్ దాటాక ఏదో వెంచర్‌లో 200 గజాల స్థలం చూశారనీ, బాబాయ్ ఈ నెలలోనే అడ్వాన్స్ ఇచ్చేద్దామంటున్నాడనీ మొన్న ఫోన్లో చెప్పారు. అప్పుడు పూర్తిగా మాట్లాడలేకపోయాను. మీరు నింపాదిగా చదువుకుంటారని ఉత్తరం రాస్తున్నాను. నాన్నా, ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. స్థలం మంచిది కాదని నేను అనడం లేదు. ఆ నేల ఎంత మెరకో, వాన పడితే అక్కడి నీళ్లు ఎటు పోతాయో తెలియకుండా మీ రిటైర్మెంట్ డబ్బు అందులో పెట్టొద్దంటున్నాను. బ్రోచర్‌లో పార్కు, 40 అడుగుల రోడ్డు, ఆర్చి గేటు అన్నీ ఉన్నాయి, ఈ రెండు సంగతులు మాత్రం లేవు.

మ్యాపులు గీయడం నేర్చుకోవడానికి అంత దూరం ఎందుకని అత్తయ్య అడిగిందట. ఆవిడకు కూడా ఇది చదివి వినిపించండి. మ్యాపు గీయడం మా చదువులో చివర వచ్చే పని. ముందు వచ్చేది ‘ఎక్కడ’ అన్న ప్రశ్న, దాని వెనకే ‘అక్కడే ఎందుకు’ అన్న ప్రశ్న. మా కోర్సు మొదట్లోనే 1854 నాటి లండన్ కలరా గురించి చెప్పారు. సోహో అనే పేటలో జనం పిట్టల్లా రాలిపోతుంటే, గాలి చెడిపోవడం వల్లే ఈ రోగం వస్తోందని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం చనిపోయినవాళ్ల ఇళ్లన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టాడు. ఎక్కువ గుర్తులు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ కనిపించాయి. ఈ కథ చాలామందికి తెలిసిందే. నన్ను ఆకట్టుకున్నది తర్వాతి భాగం. పంపుకు దగ్గర్లోనే ఉన్న బీరు బట్టీలో పనివాళ్లెవరూ చనిపోలేదు. వాళ్లు తాగేది బీరు, పైగా బట్టీకి సొంత బావి ఉంది. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒకావిడ మాత్రం చనిపోయింది. ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమై ఆవిడ రోజూ తెప్పించుకునేదట. కొలబద్దతో కొలిస్తే వచ్చే దూరం వేరు, నీళ్లు నడిచే దూరం వేరు. మీ స్థలం విషయంలో నేను పట్టుకున్నది ఈ రెండో దూరాన్నే.

దగ్గరగా ఉన్నవాటి మధ్య పోలిక ఎక్కువ, దూరమయ్యేకొద్దీ తక్కువ అని వాల్డో టోబ్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1970లో రాశాడు. మా శాస్త్రంలో సగం లెక్కలు దాని మీదే నడుస్తాయి. నాలుగు చోట్ల కొలిచిన వర్షపాతాన్ని బట్టి మధ్యలో కొలవని చోట ఎంత కురిసిందో అంచనా కట్టేది ఆ నమ్మకంతోనే. కానీ బెజవాడలో ఆ సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే కొంప మునుగుతుంది. మధ్యలో ఒక కాలువ కట్ట ఉంటే ఇటుపక్క ఇంటికీ అటుపక్క ఇంటికీ పొంతనే ఉండదు. 2024 సెప్టెంబరు వరదను మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. మన గవర్నర్‌పేటలో వాన వెలిసి జనం కూరగాయలకు వెళ్తుంటే, సింగ్‌నగర్‌లో పెద్దమ్మ వాళ్లు మేడ మీద మంచినీళ్ల పడవ కోసం ఎదురు చూస్తున్నారు.

ఆ వారం ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. నేనిక్కడ టీవీ వార్తలు చూస్తూ కృష్ణ గురించే భయపడ్డాను, అందరూ అలాగే భయపడ్డారు. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు వాగు. వెలగలేరు దగ్గర బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది కదా, దాని కట్టకు గండ్లు పడ్డాయి. కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీళ్లు వెళ్లి కలవడం కష్టం. అటు పోలేని నీరు ఊరి మీదికి తిరిగింది. అసలు బుడమేరు దారి కొల్లేరు వైపు. మన దగ్గర నుంచి కొల్లేరు దాకా నేల కిలోమీటరుకు అటూ ఇటూగా అడుగు మాత్రమే వాలుతుంది. అంత చదునైన నేల మీదికి నీళ్లు వచ్చాక, పోవడానికి రోజులు పడుతుంది.

మీ స్థలాన్ని నేను ఇక్కడ కంప్యూటర్లో చూశాను. చూసి ఏం తెలిసింది, ఏం తెలియలేదు అన్నది దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి రంగురంగుల మ్యాపొకటి ఆ వెంచర్ వాళ్లు కూడా చూపిస్తారు.

ఉపగ్రహాలు కొలిచిన నేల ఎత్తులు మాకు గళ్ల కాగితంలా వస్తాయి. ఒక్కో గడి 30 మీటర్లు పొడవు, 30 మీటర్లు వెడల్పు. ఒక్కో గడికి ఒకే ఎత్తు. ఒక గడిలో పడ్డ వాన నీరు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో దేని వైపు వాలు ఎక్కువుంటే దానిలోకి పోతుందని లెక్క. అలా గడి గడికీ చేసుకుంటూ పోతే వాగులు, వంకలు వాటంతట అవే మ్యాపు మీద తేలతాయి. మొదటిసారి మైలవరం కొండల దగ్గర మొదలుపెట్టి బుడమేరు గీత ఒక్కో గడే పాకుతూ రావడం చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎవరూ గీయలేదు, ఎత్తుల్లోంచి ఆ ఏరు దానికదే బయటికి వచ్చింది.

అయితే ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆ గీతను నమ్మడానికి లేదు. నీటి దారులు లెక్క కట్టే ముందు సాఫ్ట్‌వేర్ ఒక పని చేస్తుంది. చుట్టూ ఎత్తుండి మధ్యలో పల్లంగా ఉన్న గుంటలన్నిటినీ పూడ్చేస్తుంది, లేకపోతే నీరు అక్కడే ఆగిపోయి లెక్క ముందుకు సాగదు. కొండ ప్రాంతంలో అలాంటి గుంటలు చాలావరకు కొలతల్లో వచ్చిన తప్పులే, పూడ్చినా నష్టం లేదు. మన డెల్టాలో అవి నిజం పల్లాలు. రైల్వే కట్టకూ కాలువ కట్టకూ మధ్య చిక్కుకున్న కాలనీలు అవే. మనకు ఏది కావాలో దాన్నే ఆ లెక్క తుడిచేస్తుంది. అందుకని నేను పూడ్చిన తర్వాతి ఎత్తుల్లోంచి పూడ్చక ముందున్న ఎత్తులు తీసేసి, తేడా ఎక్కడ వచ్చిందో చూశాను. మీ వెంచర్‌కు పడమటి అంచున తేడా కనిపిస్తోంది. అక్కడ నీరు నిలిచే అవకాశం ఉందన్నమాట.

ఉందని ఖాయంగా ఎందుకు అనలేకపోతున్నానంటే, ఆ ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు, మన నేలకేమో కిలోమీటరుకు అడుగే వాలు. పైగా చాలా ఉపగ్రహాలు కొలిచేది నేలను కాదు, నేల మీద ఉన్నదాని పైభాగాన్ని. ఆ వెంచర్ ఒకప్పుడు మామిడి తోట అని మీరే చెప్పారు. కొలిచిన నాటికి చెట్లు ఉంటే, కొమ్మల ఎత్తు కూడా కొంత కలిసిపోయి స్థలం మెరకగా కనిపిస్తుంది. ఇక కట్టలు, తూములు 30 మీటర్ల గడిలో ఇమిడిపోయి మాయమవుతాయి. రోడ్డు కింద ఒక తూము పూడిపోతే నీరు వెనక్కి ఎగదన్నుతుంది, ఆ సంగతి ఏ ఉపగ్రహమూ చెప్పదు.

2024 వరద ఉపగ్రహ మ్యాపులో తమ వెంచర్ తడవలేదని ఎవరైనా చూపిస్తే వెంటనే ఒప్పుకోకండి. మబ్బుల్లో కూడా పనిచేసేది రాడార్, ఉపగ్రహం నుంచి కిరణాలు పంపి తిరిగొచ్చినవాటితో బొమ్మ కడుతుంది. నిశ్చలంగా ఉన్న నీరు ఆ కిరణాలను అద్దంలా అవతలికి మళ్లిస్తుంది, అందుకే బొమ్మలో నల్లగా పడుతుంది. పొలాల్లో నిలిచిన నీరు అలా చక్కగా తెలుస్తుంది. ఇళ్ల మధ్య మాత్రం కిరణం నీటి మీద పడి, గోడకు తగిలి తిరిగి ఉపగ్రహానికే పోతుంది. వీధి నిండా నీళ్లున్నా బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. అలాగే ‘మా గ్రామం మునగలేదు’ అన్న మాట కూడా. గ్రామం మొత్తానికి తీసిన లెక్క గ్రామం మొత్తానిదే, అందులో మీ 200 గజాల సంగతి ఉండదు. హద్దులు ఎలా గీస్తే లెక్కలు అలా మారతాయని మాకు ప్రత్యేకంగా పాఠమే ఉంది. కొల్లేట్లో అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు ఎక్కడ పోతుందన్న దాని మీద ఎన్ని కుటుంబాల చెరువులు ఆధారపడ్డాయో మీకు తెలుసు. 2006లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మామయ్య ఎంత బాధపడ్డాడో నాకింకా గుర్తుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత అది, అంతే. దాని మీద ఎన్నో బతుకులు నిలబడ్డాయి.

ఇక్కడి పద్ధతి చూస్తే మనకూ ఇలా ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఈ దేశం మొత్తాన్ని విమానం మీంచి లేజర్‌తో కొలిచారు. గడి అర మీటరే, చెట్లు, ఇళ్లు తీసేసిన వట్టి నేల ఎత్తు కూడా విడిగా దొరుకుతుంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇల్లు కొనేవాళ్లు చూసుకోవచ్చు. 1953 ఫిబ్రవరిలో సముద్రం కట్టలు తెంచుకుని వచ్చి 1,836 మంది పోయారు, ఆ దెబ్బతో నీటి విషయంలో వీళ్లు దేన్నీ తేలిగ్గా తీసుకోరు. కట్టలు, కాలువలు చూసే వాటర్ బోర్డులకు విడిగా ఎన్నికలు జరుగుతాయి. మన దగ్గరా 1997 చట్టంతో రైతుల నీటి సంఘాలు వచ్చాయి, అవి సాగునీటి కోసం. ఊళ్లో మురుగు కాలువకు, వాగుకు అలాంటి బాధ్యత పట్టే సంఘం ఉండాలని నా గట్టి కోరిక. నేను చదువుతున్న ఐటీసీ, అంటే మ్యాపులు, ఉపగ్రహ చిత్రాల చదువు చెప్పే ఈ సంస్థ, 1950లో మొదలైంది. డెహ్రాడూన్‌లో మన రిమోట్ సెన్సింగ్ సంస్థ 1966లో డచ్చివాళ్ల సాయంతోనే పుట్టింది. అంటే ఈ విద్య మనకు కొత్తగా రాలేదు. స్థలం కొనే మామూలు మనిషి చేతికి ఇంకా అందలేదు, అదే నా బాధ.

అందుకని మీరు చేయగలిగినవి చెబుతున్నాను, వీటికి ఉపగ్రహం అక్కర్లేదు. ముందు ఆ చుట్టుపక్కల పాత ఇళ్లకు వెళ్లండి. 2024 నీటి చార గోడ మీద ఉందేమో చూసి, రోడ్డు నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. నాలుగైదు ఇళ్లు చూస్తే చాలు. తర్వాత మన మేస్త్రీని తీసుకెళ్లండి. ఆయన దగ్గరుండే లెవెల్ పైపు, అదే నీళ్లు పోసిన సన్నటి పారదర్శక పైపు, రెండు కొసల్లో నీటిమట్టం ఒక్కటిగా నిలుస్తుంది కదా. దాంతో ఆ గోడ చార దగ్గర నుంచి మీ స్థలం దాకా అంచెలంచెలుగా మట్టం తెచ్చుకోవచ్చు. నా కంప్యూటర్లో మీటర్ల తేడా వస్తుంటే ఆయన పైపులో తేడా అంగుళాల్లోనే ఉంటుంది. దూరం ఎక్కువైతే ఆటో లెవెల్ అనే మట్టం కొలిచే పరికరం ఉన్న ప్రైవేటు సర్వేయర్‌ను పిలిపించండి, ఆ ఖర్చు నేను పంపిస్తాను. వాళ్లు మట్టి తోలి మెరక చేస్తామంటే సంతోషపడకండి. మీ నేల లేచిన మేరకు ఆ నీరు పక్కవాళ్ల మీదికి పోతుంది. అందరూ అదే పని చేస్తే చివరికి రోడ్డే కాలువవుతుంది.

సచివాలయంలో సర్వే నంబరు చెప్పి ఎఫ్‌ఎంబీ, అంటే ఆ నేల కొలతల పటం, నకలు తీసుకోండి. అందులో వాగు పోరంబోకు, డొంక, పంట కాలువ ఏవైనా వెంచర్‌లోంచి పోతున్నాయేమో చూడండి. లేఅవుట్ ప్లాన్‌లో అవి రోడ్డుగానో పార్కుగానో మారిపోయి ఉంటే ఆ స్థలం వద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. వాగు పేరు కాగితం మీద మారినంత మాత్రాన నీళ్లు దారి మార్చుకోవు.

బాబాయ్ మీద నాకు కోపం లేదని చెప్పండి. ఆయన మన మంచి కోరే తొందర పడుతున్నాడు, రేట్లు పెరుగుతాయన్న మాటా నిజమే. వానాకాలం దాటేదాకా ఆగితే గజానికి కొంత ఎక్కువ పెట్టాల్సి వస్తుందేమో. ఆ ఎక్కువను నేను భరిస్తాను, చదువయ్యాక మొదటి జీతంలోంచి ఇస్తాను.

స్థలం మధ్యలో నిలబడి ఫోన్లో లొకేషన్ పంపండి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగు వైపులా ఫోటోలు తీయండి, పడమటి అంచు దగ్గర ఇంకో రెండు ఎక్కువ తీయండి. ఎఫ్‌ఎంబీ నకలు స్కాన్ చేయించి పంపితే దాన్ని ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చోబెట్టి మీకు తిరిగి పంపుతాను. వచ్చే ఆదివారం సాయంత్రం మీకు వీలైనప్పుడు ఫోన్ చేస్తాను, బాబాయ్‌ను కూడా కూర్చోబెట్టండి, మ్యాపు ముందు పెట్టుకుని ముగ్గురం మాట్లాడుకుందాం.

అమ్మకు మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయమనండి. నాన్నమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి