గోడౌన్ వద్దన్నవన్నీ మా వీధి వాళ్లు తీసుకున్నారు

అందరికీ నమస్కారం. అమ్మా నేనూ బెంగళూరు చేరి పది రోజులైంది, ఇప్పటికి కాస్త కూర్చుని రాసే తీరిక దొరికింది. మల్కాజ్‌గిరిలో మేము ఇల్లు ఖాళీ చేసిన ఆ రెండు రోజులూ మా కోసం పరిగెత్తిన వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను కానీ, మనసుకు చాలలేదు. పేర్లు రాస్తే ఒప్పుకోరు కాబట్టి రాయడం లేదు, ఎవరి గురించి చెప్తున్నానో వాళ్లకు తెలుస్తుంది.

తెలియని వాళ్ల కోసం జరిగింది చెప్తాను. మేము 22 ఏళ్లుగా అద్దెకుంటున్న ఇంటిని యజమాని బిల్డర్‌కి ఇచ్చారు. మే నెలాఖరుకి ఖాళీ చేయాలి. నాన్న పోయి ఏడాది దాటింది, అమ్మని ఒక్కదాన్నే ఇంకో అద్దె ఇంట్లో ఉంచడం నాకు ఇష్టం లేదు, బెంగళూరులో నాదేమో ఒక్క బెడ్‌రూమ్ ఇల్లు. అందుకని సామానంతా ఒక ఏడాది పాటు సెల్ఫ్ స్టోరేజ్‌లో పెడదామనుకున్నాం. నెలకింత అని అద్దె కడితే ఒక గది ఇస్తారు, షట్టర్‌కి మన తాళం మనమే వేసుకోవచ్చు. అమ్మ దాన్ని గోడౌన్ అనే అంటుంది, నాకూ అదే అలవాటైంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున్న గది తీసుకున్నాను. ఫోన్‌లోనే డబ్బు కట్టి అగ్రిమెంటు మీద సంతకం పెట్టేశాను. లోపల ఏవి పెట్టకూడదో మూడో పేజీలో వివరంగా ఉంది. నేను చదవలేదు. తప్పు పూర్తిగా నాదే.

ప్యాకర్స్ వాళ్లు ఇంట్లో ఉన్నవన్నీ కట్టి లారీ ఎక్కించారు. సాయంత్రం నాలుగింటికి గోడౌన్ గేటు దగ్గర మేనేజరు, శ్రీకాకుళం కుర్రాడు, కాగితం పట్టుకుని ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. గ్యాస్ సిలిండర్ ఉందా? ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ? ఉంది. పెయింట్లు, థిన్నర్? పోయినేడు తలుపులకు వేయించగా మిగిలినవి ఉన్నాయి. తినే వస్తువులు? బియ్యం, పప్పులు, కొత్తావకాయ జాడీ. బండిలో పెట్రోలు? నాన్న చేతక్ స్కూటర్‌లో సగం ట్యాంకు. అతను అడిగే కొద్దీ నాకు కాళ్లలో వణుకు వచ్చింది. లారీ వాళ్లకు ఆ రాత్రి ఇంకో ట్రిప్పు ఉంది, మర్నాడు పొద్దున్నే ఇంటి తాళాలు ఇచ్చేయాలి.

ఆ అబ్బాయి ఒక్క మాట కూడా విసుక్కోలేదు. "అక్కా, మీ సామానొక్కటే అయితే వేరే సంగతి. మీ పక్క గదిలో ఎవరివో పెళ్లి చీరలున్నాయి, ఆ వెనకాల ఒకాయన కొట్టు సరుకంతా పెట్టుకున్నాడు. నేను మీకు సరే అంటే వాళ్లకేం సమాధానం చెప్పను?" అన్నాడు. అప్పటిదాకా నా మనసులో ఉన్నది నా గది, నా తాళం అన్న లెక్కే. ఆ షెడ్డు కింద అన్ని కుటుంబాల సామాను ఉందన్న సంగతి అతను చెప్పేదాకా నాకు తట్టలేదు. ముందుగా అతనికి కృతజ్ఞతలు, తీసుకోనని గట్టిగా చెప్పినందుకే.

అమ్మ మా పక్కింటి బాబాయి గారికి ఫోన్ చేసింది. ఆయన ఫైర్ సర్వీస్‌లో పనిచేసి రిటైరయ్యారు. గంటలో ఆయన, వాళ్లబ్బాయి, వీధి చివర పిన్ని గారి అల్లుడు కారు వేసుకుని అక్కడికి వచ్చేశారు. ఎండలో నిలబడి పెట్టెలన్నీ విప్పించి చూశారు. సిలిండర్ ఖాళీదే కదా బాబాయి గారూ అని నేనంటే, పొయ్యి ఆరిపోయినంత మాత్రాన సిలిండర్ పూర్తిగా ఖాళీ కాదమ్మా, కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది, ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు, షట్టర్ వేసిన గదిలో నేల మీదే పరుచుకుని నిప్పు కోసం చూస్తూ ఉంటుంది అని చెప్పారు. పైగా ఆ 14.2 కిలోల సిలిండర్ మనది కానే కాదు, కంపెనీది, మనం కట్టింది డిపాజిట్. మర్నాడు ఆయనే నాతో ఏజెన్సీకి వచ్చి సిలిండరూ రెగ్యులేటరూ అప్పజెప్పించి, డిపాజిట్ వెనక్కి ఇప్పించి, వోచర్ తీయించారు. ఇక్కడ కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆ వోచరే పనికొస్తుందట. పొయ్యి మాత్రం శుభ్రంగా తుడిచి గోడౌన్‌లో పెట్టాం, దానికి అభ్యంతరం లేదు.

ఇంకొకటి రాయాలి, రాయడం కష్టంగానే ఉంది. 2021లో నాన్నకి కోవిడ్ వచ్చినప్పుడు ఎక్కడెక్కడో తిరిగి కొన్న ఆక్సిజన్ సిలిండర్ మంచం కింద అలాగే ఉండిపోయింది. దాన్ని వదిలించుకోవడానికి అమ్మకి ఎప్పుడూ మనసు ఒప్పలేదు. ఆక్సిజన్ మంచిదే కదా అనుకుంటాం. అది తను మండదు కానీ పక్కన మండుతున్న దాన్ని భగ్గుమనిపిస్తుందని, వాల్వు దగ్గర నూనె, గ్రీజు తగిలినా ప్రమాదమేనని బాబాయి గారు అమ్మ పక్కన కూర్చుని చిన్నగా చెప్పారు. తొందర పెట్టలేదు. అమ్మే కాసేపటికి లేచి, ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి అంది. మెడికల్ గ్యాస్ నింపే షాపు వాళ్లు దాన్ని పరీక్ష చేసి తీసుకుంటామంటే పిన్ని గారి అల్లుడు కారులో పెట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చారు. ఆ రోజు ఆ పని నా చేతులతో చేయగలిగేదాన్ని కాదు. అన్నయ్యా, ఆ మేలు మర్చిపోను.

బ్యాటరీని సందు మొదట్లో ఉన్న ఎలక్ట్రికల్ షాపు అన్న తీసుకున్నారు. దానిలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, పక్కకి ఒరిగి కారితే కింద ఏముంటే దాన్ని తినేస్తుంది. ఒక్క ఇన్వర్టర్ అయితే పెట్టుకోవచ్చు. పాత బ్యాటరీకి రేటు కట్టి, ఆ డబ్బు అమ్మ చేతికే ఇచ్చారు. పెయింటు డబ్బాలు, థిన్నర్ ఎదురింటి వాళ్లు తమ గేటుకి వాడుకుంటామని తీసుకున్నారు. నా సామానులో ఉన్న పవర్ బ్యాంకులు, సెంటు బాటిళ్లు, కిందటి దీపావళికి మిగిలి అటక మీద మర్చిపోయిన చిచ్చుబుడ్ల ప్యాకెట్టు కూడా బయటపడ్డాయి. చిచ్చుబుడ్లు చూసి బాబాయి గారి ముఖం మారిపోయింది. పూజ పెట్టెలో కర్పూరం పొట్లాలు, అగ్గిపెట్టెలు, నూనె సీసా ఉన్నాయి, అవీ తీయించారు. ఈ పూజ పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాదు, సామాను సర్దుకునే వాళ్లు తప్పకుండా చూసుకోండి.

స్కూటర్ గురించి మెకానిక్ తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. బళ్లకు గోడౌన్‌లో వేరే చోటుంది, ఆర్సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులిస్తే పెట్టనిస్తారు, కానీ ట్యాంకులో పెట్రోలు ఉండకూడదు. రాత్రి ఎనిమిదింటికి షాపు మూసి అంత దూరం వచ్చాడు. గేటు బయట ఖాళీ స్థలంలో ట్యాంకులో పెట్రోలంతా తీసేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపాడు. నాన్న బండి కదా అక్కా అని డబ్బులు తీసుకోలేదు.

తినేవాటి విషయంలో పిన్ని గారు నన్ను మందలించారు, న్యాయమే. గుప్పెడు బియ్యం చాలట ఎలక రావడానికి, వచ్చిన ఎలక బియ్యంతో ఆగదు, పరుపు కొరుకుతుంది, వైరు కొరుకుతుంది, పక్క గదిలోకీ పోతుంది. బియ్యం, పప్పులు పనివాళ్ల ఇళ్లకు పంచారు. ఆవకాయ ఆ రాత్రే సీసాల్లోకి తీసి వీధంతా పంచింది అమ్మ. మిక్సీ జార్లు, గ్రైండర్, కుక్కర్లు అన్నీ మళ్లీ కడిగి ఆరబెట్టాం. ఫ్రిజ్ ఐసు పూర్తిగా కరిగించి, లోపల పొడిగా తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో గుడ్డ చుట్ట పెట్టమన్నారు, లేకపోతే ఏడాది తర్వాత తెరిస్తే బూజు కంపే. వాషింగ్ మెషీన్ పైపులో నీళ్లు కూడా వంచేశాం.

పట్టుచీరల బీరువా దగ్గర ఇద్దరు అక్కలు కూర్చుని రెండు గంటలు పనిచేశారు. నేను ప్రతి మడతలోనూ కలరా ఉండలు వేసి పెట్టాను. జరీకి అవి నేరుగా తగిలితే నల్లబడుతుందట. అన్నీ ఏరేసి, నాన్న పాత పంచెలు చింపి ఒక్కో చీరా విడిగా చుట్టి, ఎండిన వేపాకు, లవంగాలు మూటలు కట్టి పెట్టారు. పరుపులకు నేను ప్లాస్టిక్ బిగించి చుట్టించాను, అదీ విప్పించి దుప్పట్లు కప్పారు. వానాకాలం వస్తోంది, ప్లాస్టిక్‌లో తేమ చిక్కుకుంటే వాసన పట్టేస్తుంది. నాన్న పుస్తకాలు సిమెంటు నేల మీద పెట్టొద్దని ఆ మేనేజరే చెక్క పలకలు తెచ్చి వేసి, గోడకు జానెడు ఎడం ఉంచి మరీ పేర్పించాడు.

బంగారం, ముఖ్యమైన కాగితాలు, నాన్న పెన్షన్ ఫైలు కూడా బీరువాలోనే ఉన్నాయి! బ్యాంకులో పనిచేసి రిటైరైన అక్క అది విని ఒప్పుకోలేదు. స్టోరేజ్ వాళ్లు నగదుకీ నగలకీ బాధ్యత తీసుకోరు, అగ్రిమెంటులో రాసే ఉంది. లాకర్‌లో పెట్టించారు. లాకర్ అన్నా అన్నిటికీ భరోసా కాదని కూడా ఆవిడే చెప్పారు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం లాంటివాటిలో బ్యాంకు తప్పుంటే ఏడాది లాకర్ అద్దెకు 100 రెట్ల వరకే పరిహారం. అందుకని ప్రతి వస్తువుకీ ఫోటో తీయించి, గోడౌన్‌లో పెట్టినవాటికి కూడా విలువ రాయించి, బీమా ఎంతవరకు వర్తిస్తుందో అడిగించారు. అద్దె కట్టడం ఆలస్యమైతే మన సామానుని వాళ్లు ఏం చేయవచ్చో చెప్పే పేరా నాతో పైకి చదివించారు.

తులసి కోటలోని తులసిని ఎదురింటి అత్తయ్య గారు కుండీలోకి మార్చి తీసుకెళ్లారు. ప్రాణమున్నది ఏదీ ఆ గదిలో ఉంచకూడదు, మొక్కయినా సరే. రోజూ సంధ్యవేళ దీపం పెట్టి అమ్మకి ఫోటో పంపుతున్నారు. దేవుడి పటాలు, కాశీ నుంచి తెచ్చిన సీలు వేసిన గంగ చెంబు మాత్రం అమ్మ ఎవరికీ ఇవ్వలేదు, బెంగళూరు దాకా ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది.

ఇక వీణ. అది పెట్టకూడదని ఏ కాగితంలోనూ లేదు. మేనేజరు కూడా పెట్టుకోండి అనే అన్నాడు. గుడ్డలో చుట్టి, పరుపుల మధ్య సర్దేశాను కూడా. అమ్మ దగ్గర ఎప్పుడో పదిహేనేళ్ల కిందట నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు మౌలాలిలో ఉంటుంది, ఎవరో చెప్తే విని రాత్రి తొమ్మిదింటికి స్కూటీ మీద వచ్చింది. వచ్చీ రాగానే షెడ్డు పైకప్పు చూసి, రేకే కదా ఆంటీ, వీణ తీసేయండి అంది. బొబ్బిలిలో చేయించిన పనస చెక్క వీణ అది. తీగల కింద వరసగా ఉండే 24 ఇత్తడి మెట్లూ మైనం మీదే కూర్చుని ఉంటాయి. ఎండాకాలం రేకుల కింద మూసి ఉన్న గదిలో ఆ మైనం మెత్తబడితే మెట్లు కదిలి శ్రుతి తప్పిపోతాయి, మళ్లీ అన్నీ కట్టించుకోవాల్సిందే. మిగతా వాళ్ల సంగతేమో గానీ మా అమ్మ చెవికి ఒక్క మెట్టు తేడా వచ్చినా తట్టుకోలేదు. నా చిన్న ఇంట్లో దానికి చోటు లేదని అమ్మే వద్దంది, ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు కూడా.

ఆ అమ్మాయి తీగలు కొంచెం వదులు చేసి, పాత పట్టుచీరలో చుట్టి, ఆటో పిలిపించి వీణతో పాటు తను ఆటోలో కూర్చుంది. స్కూటీ మర్నాడు వాళ్లాయన వచ్చి తీసుకెళ్లారు.

అడగకుండా వచ్చిన సాయం ఇది. తల్లీ, నీకు ఎలా చెప్పాలో తెలియక ఫోన్‌లో మాట తడబడ్డాను, ఇక్కడ రాస్తున్నాను. అమ్మ ఆ రాత్రి నిద్రపోయింది అంటే అది నీ వల్లే.

నిన్న తనే ఫోన్ చేసింది. వాళ్ల పాపకి ఎనిమిదేళ్లు, వీణ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ దాని పక్కనే కూర్చుంటోందట, ఆంటీ వీడియో కాల్‌లో సరళీ స్వరాలు మొదలుపెడతారా అని అడిగింది. బుధవారం మంచిదని అమ్మ పంచాంగం చూసి చెప్పింది. పాప స్కూలు బస్సు నాలుగున్నరకి వస్తుంది కాబట్టి పాఠం ఐదింటికి పెట్టుకున్నారు.