వకీలైన మా ఎమ్మెల్యే గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

శ్రీకాకుళం కోర్టులో ముప్పై ఏళ్లుగా వకీలు గుమాస్తాగా బతుకుతున్నాను. కట్టలు మోస్తాను, వాయిదాలు రాసుకుంటాను, కేసు పిలవగానే కక్షిదారుని వెతికి లోపలికి తోస్తాను. మీరు కొత్త కోటు తొడుక్కుని జూనియరుగా వచ్చిన రోజు నాకింకా గుర్తే. ఎమ్మెల్యే అయ్యాక కూడా మీరు ఆ కోటు విప్పలేదు.

అది తప్పనడం లేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది, ఎమ్మెల్యేలు, ఎంపీలు పూర్తికాలపు జీతగాళ్లు కారు, ప్రాక్టీసు చేసుకోవచ్చని. దాని మీద టీ బడ్డీ దగ్గర మేం చాలా రోజులు వాదించుకున్నాం. నేను మీ పక్షమే మాట్లాడాను.

ఇప్పుడు నా బాధ వేరు. మా బావకి పొలం గట్టు తగాదా వచ్చింది. కోర్టు గడప తొక్కే ముందు మీ క్యాంపు ఆఫీసుకే వచ్చాడు. పాత అడంగల్ (సాగు రికార్డు), దస్తావేజు నకలు అన్నీ మీ ముందు పరిచాడు. మీరు ఓపిగ్గా విన్నారు, ముందు సర్వే చేయించుకోమన్నారు. ఏడాది తిరగలేదు, అవతలివాళ్లు మా బావని అడ్డుకునే ఉత్తర్వు కోరుతూ ఇంజంక్షన్ దావా వేశారు. వకాలత్, అంటే వాళ్ల తరఫున వాదించే అధికారపత్రం, మీ ఆఫీసుది. కింద సంతకం మీ జూనియరుదే, వాదనకు లేచింది మాత్రం మీరు. "నా గుట్టంతా ఆయనకి ముందే సెప్పీసినాను కదరా" అని బావ బెంచీ మీద కూలబడ్డాడు. అతని టెన్షన్ చూసి నాకు నోట మాట రాలేదు.

ఒక కేసులో ఒక పక్షానికి సలహా చెప్పిన వకీలు ఆ కేసులోనే ఎదుటి పక్షాన నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. గుమాస్తాకే తెలిసిన సంగతి మీకు తెలియదని అనుకోను. క్యాంపు ఆఫీసులో విన్నది ఎమ్మెల్యేగా, వకీలుగా కాదు అంటారేమో. మా బావకి ఆ తేడా ఎవరు చెప్పాలి? అతను చూసింది ఒక్క మనిషినే కదా. పైగా మీ నియోజకవర్గంలో ఏ భూమి దావా తీసుకున్నా వాదీ మీ ఓటరే, ప్రతివాదీ మీ ఓటరే. మీరు లేచి నిలబడితే తహసీల్దారు ఆఫీసు నుంచి సాక్ష్యానికి వచ్చినవాడి గొంతు తడబడుతుంది. అది మీ తప్పు కాకపోవచ్చు. నేను మాత్రం కళ్లారా చూశాను.

వకీళ్లు చట్టసభకు వెళ్లడం మన వైపు కొత్త కాదు. డబ్లిన్‌లో లా చదివిన వి.వి.గిరి గారు 1937లో బొబ్బిలిలో బొబ్బిలి రాజావారినే ఓడించారు, అదీ రాజావారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న రోజుల్లో. 1952లో పాతపట్నం నుంచి ఎంపీ అయ్యారు. 1957లో పార్వతీపురంలో ఒక జనరల్, ఒక గిరిజన రిజర్వుడు సీటు కలిపి ఇద్దరిని ఎన్నుకోవాల్సిన స్థానంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులే గెలిస్తే, జనరల్ సీటు నాదేనని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఓడిపోయారు. వకీళ్లకి సొంత కేసు అచ్చిరాదని మా కోర్టులో ఒక మాట ఉంది లెండి.

మీ చదువు అక్కరకొచ్చే చోటు అసెంబ్లీ. భూమి హక్కుల చట్టం సంగతే చూడండి. హక్కు తగాదాల్ని సివిల్ కోర్టుల నుంచి తప్పించి అధికారుల చేతిలో పెట్టే చట్టమది. 2023లో అమల్లోకి వచ్చింది, వకీళ్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు, 2024లో రద్దయింది. బహిష్కరణ రోజుల్లో మాకు చేతిలో రూపాయి ఆడలేదు. అప్పుడు మీరు ఏ వైపు ఉన్నారన్నది నాకు అనవసరం. బిల్లుగా ఉన్నప్పుడే సెక్షన్ సెక్షన్ చదివి, ఇక్కడ జనం మునుగుతారు అని సభలో లేచి అడిగే పని మీలాంటివాళ్లదే కదా. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సొంత పొలం ఇరుక్కుని అమ్ముకోలేక తిరుగుతున్నవాళ్లు రోజూ మా వరండాలో కనబడతారు. వాళ్ల గురించి మీరు అసెంబ్లీలో ఒక్క ప్రశ్న వేస్తే మా వకీళ్ల వంద పిటిషన్ల పని అవుతుంది. అలా అయితే మా ఆదాయం పడిపోతుంది, అది నిజమే. పడిపోనివ్వండి.

ప్రాక్టీసు మానేయమని నేను అడగడం లేదు. హైకోర్టులో చేసుకోండి, పక్క జిల్లాలో చేసుకోండి. మీ నియోజకవర్గం భూమి దావాలు మాత్రం ముట్టుకోకండి.

ఈ లేఖ రాస్తున్నట్టు మా వకీలు గారికి తెలియదు. తెలిస్తే కోప్పడతారు. మా బావ దావా వచ్చే నెల వాయిదాకి ఉంది. ఆ లోపు వకాలత్ నుంచి తప్పుకుంటున్నామని మీ ఆఫీసు ఒక మెమో వేస్తే చాలు. టైపు చేయించే తీరిక లేకపోతే నాకు కబురు పెట్టండి, నేనే చేయించి తెస్తాను.

ఇట్లు,
కోర్టు వరండాలో రోజూ మీకు దండం పెట్టే గుమాస్తా